కుర్చీలో వాళ్ళూ, కుర్చీ వెనక వాళ్ళూ

(అల్వాల్‌లో బస్తీ మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ముఖాలు నాకు బాగా తెలుసు. ఎవరి కనుబొమలో సుడి ఉందో, ఎవరి గడ్డం కింద రెండు వెంట్రుకలు మాటిమాటికీ వస్తాయో కూడా తెలుసు. భయపడకండి, అవేవీ ఇక్కడ చెప్పను.

మీ శిక్షణ కేంద్రంలో కుట్టు, కంప్యూటర్ తరగతులతో పాటు బ్యూటీషియన్ కోర్సు పెట్టాలా వద్దా అనే చర్చ నడుస్తోందనీ, ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి వచ్చి మాట్లాడమనీ నన్ను పిలిచారు. పెట్టాలనేవాళ్ళు చెప్పే కారణం ఒకటే: బస్తీల్లో ఆడపిల్లలు అడుగుతున్నది అదే. వద్దనేవాళ్ళు చెప్పేదీ చిన్న విషయం కాదు. ఆడదాని విలువంతా ఆమె ముఖంలోనే ఉందని చెప్పే వ్యాపారానికి మహిళా సంఘమే మనుషుల్ని తయారుచేసి పంపడమేమిటని వాళ్ళు అడుగుతున్నారు. కోర్సు కోసం రాసిన కరపత్రం ముసాయిదా నాకు చూపించారు. అందులో "మీ సహజ సౌందర్యాన్నీ, ఆత్మవిశ్వాసాన్నీ పెంచే మేకోవర్" అని ఉంది. అచ్చం ఆ వాక్యమే నేను కూడా నా బోర్డు మీద రాయించుకున్నాను. అందుకని ఆ వాక్యం గురించే మాట్లాడదామనుకుంటున్నాను. అందులో సహజం ఏది, విశ్వాసం ఎవరిది అని.

నేను పార్లర్ తెరిచింది 1996లో, పాత అల్వాల్‌లో మా ఇంటి ముందు గదిలో. అప్పటికి అల్వాల్ నగర పాలక సంస్థలో కలవలేదు, 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడినప్పుడు కలిసింది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక దారపు రీలు, "పురుషులకు ప్రవేశం లేదు" అని రాసిన అట్ట. నా పెట్టుబడి అదే. ఆ ఏడాది నవంబరులోనే బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి. వాటిని వ్యతిరేకిస్తూ చాలాచోట్ల సభలు పెట్టారు. సంస్కృతి మంటగలిసిపోతోందని అరిచినవాళ్ళు ఒక పక్క, స్త్రీ శరీరాన్ని సరుకు చేస్తున్నారని ప్రశ్నించినవాళ్ళు మరో పక్క. ఇద్దరూ ఒకే పోటీని వ్యతిరేకించారు గానీ ఇద్దరి మాటా ఒకటి కాదు. మన దగ్గర జరిగిన ఒక సమావేశానికి నేనూ వెళ్ళాను. ఒకామె లేచి, సందు సందుకూ పుట్టుకొస్తున్న ఈ బ్యూటీ పార్లర్లు కంపెనీలకు ఏజెంట్లని అన్నది. నేను తల దించుకుని కూర్చున్నాను. తర్వాతి ఆదివారం ఆమే మా ఇంటి వెనక గుమ్మం నుంచి వచ్చి కనుబొమలు చేయించుకుని వెళ్ళింది. ఆమెను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆమె అన్నదీ నిజం, ఆమె రావడమూ నిజం. ఈ రెండు నిజాలనూ ఒకేచోట పెట్టి మాట్లాడుకునే అవకాశం మాత్రం మనకు ఇన్నేళ్ళుగా రాలేదు.

ముందు ఆ గది గురించి చెప్పాలి. బస్తీలో ఆడది ఒంటరిగా ఒక గంట కూర్చోగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గుడి ఉంది, అక్కడ అత్తగారు కూడా వస్తారు. కిరాణా కొట్టు దగ్గర నిలబడాలే గానీ కూర్చోడానికి లేదు. పార్లర్‌లోకి భర్త రాడు, కొడుకు రాడు. కళ్ళు మూసుకుని వెనక్కి వాలి కూర్చున్న మనిషి ఎదురుగా చూస్తూ చెప్పలేని మాటలు చెప్తుంది. నాకు తెలిసిన కాపురాల సంగతులు మీ కౌన్సెలింగ్ రిజిస్టర్లలో కూడా ఉండవేమో.

పార్లర్ పెట్టిన రెండు మూడేళ్ళకి ఒకామె వచ్చింది. సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలి, కన్ను కింద కమిలిపోయి ఉంది. "తలుపు తగిలింది, కప్పేయ్ అక్కా" అన్నది. కమిలిన చర్మాన్ని కప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఎర్రగా ఉంటే ఆకుపచ్చ ఛాయ, నీలంగా ఉంటే నారింజ ఛాయ కింద పొరగా వేసి, దాని మీద ఒంటి రంగు ఫౌండేషన్ అద్ది, పౌడరుతో పట్టించాలి. రుద్దకూడదు, అద్దాలి. చాలా బాగా కప్పాను. ఆ పెళ్ళి ఫోటోల్లో ఆమె నవ్వుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను చేసిన మేకోవర్లలో నా పనితనం అంత బాగా కనిపించింది మరొకటి లేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆమె మళ్ళీ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కప్పాను. తర్వాత రాలేదు. ఇల్లు మారారన్నారు.

ఇప్పుడు అలా చేయను. కప్పను అనడం లేదు. ఆమె పెళ్ళికి పోవాలి, నలుగురిలో నిలబడాలి, అది ఆమె ఇష్టం. కాని కప్పేముందు ఫోటో తీద్దామని అడుగుతాను. ఆమె ఫోనులో కాదు, దాన్ని భర్త చూస్తాడు. ఆమె నమ్మే చెల్లెలికో స్నేహితురాలికో పంపి, అక్కడ దాచమంటాను. 2005లో వచ్చిన గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉందనీ, దాని కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగొచ్చనీ, 181కి ఫోన్ చేయొచ్చనీ, సఖి కేంద్రం ఉందనీ ఒక చీటీ అద్దం పక్కన అంటించాను. మీ కరపత్రాలు మీరు అంగన్‌వాడీల్లో, రేషన్ షాపుల్లో పెడుతున్నారు. పార్లర్‌లో పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. వెనక గుమ్మం నుంచి వచ్చే చోటు కాబట్టి తోచలేదేమో.

ఇక సహజం అనే మాట. ఈ రోజుల్లో పెళ్ళికూతుళ్ళందరూ "నేచురల్ లుక్" కావాలంటారు. ఏమీ వేసుకోనట్టు కనిపించాలంటే రెండున్నర గంటలు పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువ. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఇందులో ఒక మంచి మార్పు కూడా ఉంది. నేను నేర్చుకున్న రోజుల్లో మాకు చేతికి దొరికిన ఫౌండేషన్ డబ్బాలు రెండు మూడు రకాలే, అన్నీ గులాబీ ఛాయవే. మన వాళ్ళ చర్మంలో అడుగున పసుపు ఛాయ ఉంటుంది, కొందరికి ఆకుపచ్చ కలిసిన ఛాయ. దాని మీద ఆ గులాబీ పూత వేసి వీడియో లైటు కింద నిలబెడితే ముఖానికి బూడిద పూసినట్టు ఉండేది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, పారాణి పెట్టిన చేతులు ఇంకో రంగు. ఒక తరం పెళ్ళి ఆల్బమ్‌లు తెరిచి చూడండి, అందరిదీ ఒకటే బూడిద ముఖం. చామనఛాయకు, నలుపుకు తగిన డబ్బాలు బజారులోకి రావడానికి ఏళ్ళు పట్టింది. అవి వచ్చాక తెలిసింది, ఇన్నాళ్ళూ లోపం మా చర్మంలో లేదు, డబ్బాలో ఉంది.

పాతకాలంలో ఇవేవీ లేవు, నలుగు, సున్నిపిండి, పసుపు, అదే సహజం అని కొందరు పెద్దవాళ్ళంటారు. నలుగు పెట్టించుకోవడంలో సుఖం ఉంది, కాదనను. కాని నలుగు పెట్టేటప్పుడు ఏమంటారో గుర్తు చేసుకోండి. "రంగు తేలాలి, బాగా రుద్దండి." ఆడపిల్ల పుట్టగానే చెవి వెనక రంగు చూసి, పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత చెప్తారు, పెళ్ళిచూపుల్లో మాత్రం నారాయణుడికి కూడా తెల్లపిల్లే కావాలి. రంగు తక్కువైతే కట్నం ఎక్కువవుతుంది. ఇందులో కంపెనీలు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు, ఉన్న మంటలో నూనె పోశాయి, అంతే. హిందూస్తాన్ లీవర్ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. నల్లగా ఉన్నందుకు ఉద్యోగం రాని, పెళ్ళి కాని పిల్ల క్రీము రాసుకోగానే గెలిచేసే ప్రకటనలు మనందరం చూసినవే. వాటి మీద ఐద్వా 2002లో కంపెనీకీ, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కూ ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడాది కేంద్ర సమాచార ప్రసార శాఖ కదిలింది, కొన్ని ప్రకటనలు ఆగిపోయాయి. ఒక స్త్రీల సంఘం కాగితం రాసి అంత పెద్ద కంపెనీని కదిలించిన ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. 2020 జులైలో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. అంతకు నెల ముందు ఒక పెద్ద పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు రంగును బట్టి వెతుక్కునే వీలును తీసేసింది. పేర్లు మారాయి. మా పార్లర్ల ధరల పట్టికలో కూడా "ఫెయిర్‌నెస్ ఫేషియల్" పోయి "గ్లో ఫేషియల్", "బ్రైటెనింగ్", "డీటాన్" వచ్చాయి. చేసే పని అదే. అడిగేవాళ్ళ కోరికా అదే.

నాలుగేళ్ళ కింద మచ్చబొల్లారం నుంచి ఒక పెళ్ళికూతురు వచ్చింది. మంచి నలుపు, నున్నని చర్మం, చేయి వేస్తే తెలుస్తుంది. తల్లి నాతో, "రెండు షేడ్లు పైకి తీస్కపో మేడం, పెండ్లికొడుకు తరఫోళ్ళు జర ఎర్రగుంటరు" అన్నది. పిల్ల మాట్లాడలేదు. తల్లి చీర తేవడానికి బయటికి వెళ్ళినప్పుడు, నీకేం కావాలమ్మా అని అడిగాను. "అక్కా, రేపు పొద్దున ముఖం కడుక్కున్నంక వాళ్ళు నన్ను చూస్తరు గదా" అన్నది.

ఈ మాట ముందు నేను చదివిన వ్యాసాలన్నీ చిన్నవైపోయాయి. ఆ పిల్లను ఆమె రంగులోనే చేశాను. కిటికీ దగ్గర పగటి వెలుగులో దవడ మీద పెట్టి చూసి, రెండు డబ్బాలు కలిపి, మెడకు సరిపోయేటట్టు. కళ్ళకు మాత్రం బాగా పని చేశాను. అద్దంలో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తల్లికి కోపం వచ్చింది, ఒప్పుకున్న డబ్బుల్లో వెయ్యి తగ్గించి ఇచ్చింది. తర్వాత ఆల్బమ్ తెచ్చి చూపించారు. ఫోటోగ్రాఫరు అన్ని పేజీల్లోనూ ఆమెను తెల్లగా చేసేశాడు.

ఇలాంటివి చెప్తున్నానని నన్ను మంచిదాన్ని అనుకోవద్దు. ఇప్పుడు చెప్పబోయేది ఇదివరకు ఏ సభలోనూ చెప్పలేదు. సుమారు 2009 నుంచి నాలుగేళ్ళ పాటు నేను క్రీము అమ్మాను. పేరు లేని చిన్న డబ్బాల్లో, "మా పార్లర్ స్పెషల్" అని. ఒక సప్లయరు తెచ్చి ఇచ్చేవాడు, మూడు ట్యూబులు కలిపి చేస్తామనేవాడు. పదిహేను రోజుల్లో ముఖం పాలు పోసినట్టు అయ్యేది. మచ్చలు పోయేవి. జనం లోతుకుంట, వెంకటాపురం నుంచి కూడా వచ్చేవాళ్ళు. అందులో ఉన్నది స్టెరాయిడ్, దానితో పాటు చర్మాన్ని తెల్లబరిచే మందు. రాసినన్నాళ్ళు బాగుంటుంది. మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది, కురుపులు లేస్తాయి, అందుకని మళ్ళీ రాస్తారు. అలా రాయగా రాయగా చర్మం పలచబడి లోపలి నరాలు కనిపిస్తాయి, ఆడవాళ్ళకు బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, ఎండకు నిలబడలేరు. నా దగ్గర కొన్న ఒక పిల్ల, ఇంటర్ చదివేది, ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. విప్పి చూపించింది. నేను ఇచ్చిన డబ్బా పేరు చెప్తే డాక్టరు తిట్టాడట, పేరే లేదు కదా చెప్పడానికి. ఆ రోజు మిగిలిన డబ్బాలన్నీ పారేశాను. ఆ పిల్ల చికిత్సకు కొంత డబ్బు ఇచ్చాను. ఆమె ముఖం మాత్రం పూర్తిగా మునుపటిలా కాలేదు. కాలేజీ ఒక సంవత్సరం పోయింది. ఆత్మవిశ్వాసం పెంచుతామని బోర్డు రాయించుకున్న మనిషిని నేను.

2018లో ప్రభుత్వం ఇలాంటి పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా అమ్మడం మాత్రం ఆగలేదు. ఇంతకంటే భయపెట్టేది పాదరసం. కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు 2021, 2023 మధ్య తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు ఇరవై రెండింటిని పరిశీలిస్తే, పదిహేను మందిలో అరుదైన ఒక లక్షణం కనిపించింది. ఆ పదిహేను మందిలో పదముగ్గురు రంగు తేలే క్రీములు వాడినవాళ్ళు. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు కానివ్వదు, అందుకే తెల్లబడతారు. చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాల్లో చేరుతుంది. కాళ్ళు వాచడం, మూత్రంలో నురగ, ఇవి మొదటి గుర్తులు. మన దేశపు 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం పాదరసాన్ని కావాలని కలపకూడదు. పొరపాటున ఉన్నా పది లక్షల్లో ఒక పాలు మించకూడదు, కంటికి వాడేవాటికి మాత్రం పరిమితి వేరు. డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, లోపల ఏమున్నాయో జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మెర్క్యూరీ, కాలొమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, ఈ పేర్లు ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దు. ఏ పేరూ లేకపోతే అసలే ముట్టుకోవద్దు. కోర్సు పెడితే మొదటి పాఠం దారం పట్టుకోవడం కాదు, డబ్బా చదవడం.

ఇంత చెప్పాక, మరి ఎందుకు ఇంకా ఈ పని చేస్తున్నావని మీరు అడుగుతారు. క్యాన్సర్‌కు మందులు తీసుకుంటున్న ఒకావిడ మా ఇంటి దగ్గరే ఉంటుంది. తల వెంట్రుకలు పోయినందుకు అంత బాధపడలేదు, కొంగు కప్పుకుంది. కనుబొమలు పోయినప్పుడు మాత్రం బయటికి రావడం మానేసింది. కనుబొమ లేని ముఖం జబ్బు ముఖం, చూసినవాళ్ళందరూ జాలిపడతారు. ఆమె పాత ఫోటో పెట్టుకుని ఒక్కొక్క వెంట్రుకలా పెన్సిలుతో గీసి, ఆమెకు కూడా నేర్పాను. మర్నాడు కూరగాయల బండి దగ్గర బేరమాడుతూ కనిపించింది. దీన్ని పితృస్వామ్యం అని నేను అనలేను. చీకటి పడ్డాక, పార్లర్ మూసే వేళకు వచ్చే ఒక ట్రాన్స్ స్త్రీ ఉంది. పగలు వస్తే మిగిలిన కస్టమర్లు లేచిపోతారని ఆమే చీకటి పడ్డాక వస్తుంది. పై పెదవి మీద దారం నడుస్తున్నప్పుడు నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతుంది. ఆమెను పగలు రమ్మని ఇంకా అనలేకపోయాను. ఈ నెల అంటాను.

ఇక కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళు. నేను యజమానిని, నాకింద ఇద్దరు పిల్లలు పని చేస్తారు. కాబట్టి నా మాట కాస్త అనుమానంగానే వినండి. థ్రెడింగ్‌లో దారం ఒక కొస పళ్ళతో పట్టుకుంటాం. పెళ్ళిళ్ళ సీజనులో పది గంటలు మెడ వంచి నిలబడితే రాత్రి తల తిప్పలేం. జుట్టు సాఫీ చేసే కెరటిన్ పొగలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, కళ్ళు మండుతాయి. చిన్న గదులకు కిటికీ ఉండదు, ఏసీ ఉంటుంది. నేను మొదట పని నేర్చుకున్న పార్లర్‌లో మాకు స్టూలు కూడా ఉండేది కాదు, కూర్చుంటే కస్టమర్లకు గౌరవం ఉండదని. కేరళ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే అక్కడ 2018లో చట్టం సవరించారు, తమిళనాడులో 2021లో అదే జరిగింది. కూర్చోవడానికి చట్టం కావలసి వచ్చింది! మా పార్లర్‌లో ఇప్పుడు రెండు స్టూళ్ళున్నాయి. జీతం సంగతి అడక్కండి, దాని మీద మా పిల్లలకీ నాకూ ఇంకా తగవు నడుస్తోంది.

ఈ పని వెనక కులం కూడా ఉంది. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి గోళ్ళు తీసి, కాళ్ళకు పారాణి పెట్టినవాళ్ళు నాయీబ్రాహ్మణ స్త్రీలు. పురుడు పోసింది కూడా చాలాచోట్ల వాళ్ళే. వాళ్ళకు దక్కింది ఒక చీర, కాసిన్ని బియ్యం. వాకిట్లో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు అదే పని పెడిక్యూర్ అయింది, ధర వచ్చింది, అన్ని కులాల పిల్లలూ నేర్చుకుంటున్నారు. ఇది మంచి మార్పే. కాని ఇంకొకరి కాళ్ళు పట్టుకోవడం అనేది ఇంకా మన తలలో తక్కువతనంగానే ఉంది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. ఆ సందర్భంగా పోటీదారులు రామప్ప గుడికి వచ్చినప్పుడు అక్కడి స్త్రీల చేత వాళ్ళ పాదాలు కడిగించిన దృశ్యాలు చూశాం. అతిథి మర్యాద అన్నారు, ఆత్మగౌరవానికి దెబ్బ అన్నారు. రోజూ ఆరేడు జతల కాళ్ళు కడిగే మా పిల్ల టీవీ చూస్తూ, "ఆమెకెన్ని పైసలిచ్చిన్రో ఎవ్వరు చెప్తలేరు" అన్నది. నాకు ఆ ప్రశ్నే సరైనదనిపించింది. డబ్బిచ్చి, అడిగి, ఒప్పుకున్నాక చేయించుకునే పని వేరు, ఊరి మర్యాద పేరుతో చేయించేది వేరు.

ఇదే పనికి డబ్బూ పేరూ ఎక్కువ ఉన్న చోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. సినిమా రంగంలో చాలా కాలం ఆడవాళ్ళు జుట్టు మాత్రమే దువ్వాలి, ముఖానికి మేకప్ మగవాళ్ళే వేయాలి. ముంబయిలో మేకప్ కళాకారుల సంఘం నిబంధనల్లోనే అలా ఉండేది. అమెరికాలో ఈ విద్య చదువుకుని వచ్చిన చారు ఖురానా సభ్యత్వం అడిగితే ఇవ్వలేదు. ఆడవాళ్ళకు ఇస్తే మగవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందట. ఇంకో నిబంధన ప్రకారం అయిదేళ్ళు మహారాష్ట్రలో ఉండి ఉండాలి. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఉదయ్ లలిత్ ఆ రెండు నిబంధనలనూ కొట్టేశారు. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి, ఇష్టమైన వృత్తి చేసుకునే స్వేచ్ఛకు, గౌరవంగా బతికే హక్కుకు ఇవి విరుద్ధమన్నారు. ఇంట్లో అక్క చెల్లికి జడ వేస్తే అది ఆడదాని స్వభావం, దానికి కూలి లేదు. బస్తీలో చేస్తే చిల్లర పని. స్టూడియోలో చేస్తే కళ, అందుకని అది మగవాళ్ళది! బ్యూటీషియన్ కోర్సు వద్దనేవాళ్ళు ఈ తీర్పు ఒకసారి చదవాలని నా కోరిక. ఆమె కోరింది అందంగా ఉండే హక్కును కాదు, పని చేసే హక్కును.

మన పిల్లలు చాలామంది రేపు వెళ్ళేది స్టూడియోలకు కాదు, ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికి వచ్చే సేవల్లోకి. అక్కడ యజమాని కనిపించడు. నక్షత్రాలు తగ్గితే పని తగ్గుతుంది, సామాన్లు కంపెనీ దగ్గరే కొనాలి, కమిషను కంపెనీ నిర్ణయిస్తుంది. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ ఆఫీసు ముందు బ్యూటీషియన్లు ధర్నా చేశారు. డిసెంబరులో మళ్ళీ కూర్చుంటే కంపెనీ వాళ్ళ మీద కోర్టుకు వెళ్ళింది. మేకప్ పెట్టెలు పక్కన పెట్టుకుని చలిలో రోడ్డు మీద కూర్చున్న ఆ ఆడవాళ్ళను నేను చాలాసార్లు తలుచుకుంటాను. మన రాష్ట్రంలో గిగ్ కార్మికుల కోసం 2025 ఏప్రిల్‌లో చట్టం ముసాయిదా ప్రకటించారు. డెలివరీ కుర్రాళ్ళ గురించి అందరూ మాట్లాడారు, తెలియని ఇంట్లోకి తలుపు వేసుకుని పనికి వెళ్ళే ఆడపిల్ల గురించి తక్కువ మాట్లాడారు. 2013 లైంగిక వేధింపుల చట్టంలో ఇల్లు కూడా పనిచోటే. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట పనిచేసేవాళ్ళు, అంటే మా పార్లర్ పిల్లలందరూ, జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కమిటీ గురించి మా పిల్లలిద్దరికీ నిన్ననే చెప్పాను. నేను కూడా ఈ సమావేశానికి సిద్ధమవుతూ మొన్ననే తెలుసుకున్నాను.

కాబట్టి నేను పెట్టమనే అంటున్నాను. కాని ఆ కరపత్రం అలా వద్దు. కోర్సులో బ్లీచ్ నేర్పొద్దు. అడిగే కస్టమరుకు లేదని ఎలా చెప్పాలో నేర్పండి, అది చాలా కష్టమైన పాఠం, నాకిప్పటికీ సరిగా రాదు. నల్లని ముఖాల మీదే పని నేర్పండి, అవే మన దగ్గర ఎక్కువ. డెమోకి తెల్లపిల్లను వెతికి తెచ్చే అలవాటు అన్ని శిక్షణ కేంద్రాల్లో ఉంది. ట్రాన్స్ స్త్రీలను చేర్చుకోండి. సర్టిఫికెట్ ఇచ్చే రోజే ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి, సంఘంలో సభ్యత్వం ఇవ్వండి. కోర్సు అయిపోయాక పంపేసి మర్చిపోతే మీరు తయారుచేసింది పార్లర్లకు చవక కూలీలనే, అప్పుడు వద్దన్నవాళ్ళ మాటే నిజమవుతుంది. ఒక వారం నా పార్లర్‌లో పాఠం చెప్పుకోవచ్చు, సోమవారాలు మూసే ఉంటుంది. అయితే జీతాల పాఠం నేను చెప్పను, అది మా పిల్లలే వచ్చి చెప్తారు. వాళ్ళిద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. ఇప్పుడే అడగండి, నేను బయటికి వెళ్తాను.